ఫాదర్‌గారిది అంగీయా, గౌనా?

పాలకొల్లు నుంచి ఒకావిడ సందేహం: "ఫాదర్‌గారు వేసుకునే తెల్లటి పొడుగు బట్టని మా అత్తగారు అంగీ అంటారు, హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయేమో అంగీ అంటే చొక్కా కదా అని నవ్వుతున్నాడు, పిల్లలు గౌను అంటున్నారు. చర్చి సావనీర్‌లో ఏం రాయాలి?"

మీ అత్తగారి మాటే రాసేయండమ్మా. మీవాడు అన్నదీ తప్పేం కాదు, తెలంగాణలో అంగీ అంటే రోజూ తొడుక్కునే చొక్కానే. మన వైపు ఆ చోట్లో చొక్కా వచ్చి కూర్చుంది, అంగీ పాపం ఫాదర్ల ఒంటి మీద మిగిలింది. అనుమానం అక్కర్లేకుండా కావాలంటే నిలువుటంగీ అనండి, తెలుగు బైబిల్లో యోసేపుకి వాళ్ల నాన్న కుట్టించింది నిలువుటంగీయే, సిలువ దగ్గర సైనికులు చీట్లేసుకున్నది కూడా కుట్టులేని అంగీ, కాబట్టి చర్చికెళ్లే వాళ్లెవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

గౌను మాత్రం వద్దండి. ఇంగ్లీషులో జడ్జిగారిదీ గౌనే గానీ మన ఊళ్లకొచ్చేసరికి అది ఆడపిల్లల పుట్టినరోజు బట్ట అయిపోయింది.

మీరు పంపిన ఫోటో కింద "పూజలో ఫాదర్‌గారి అంగీ" అని రాశారు, అది మార్చాలి. అంగీ, అంటే కాసక్, రోజువారీ బట్ట. పూజకి దాని మీద ఆల్బ్ వేస్తారు, ఆల్బ్ అంటే లాటిన్‌లో తెలుపే, ఆపైన మెడలో వేసుకునే పొడుగు పట్టీ, స్టోల్, అన్నిటికీ పైన ఆ పండక్కి తగ్గ రంగు పైవస్త్రం, చాజుబుల్. ఫ్రెంచివాళ్లు కాసక్‌నే సుటాన్ అంటారు, ఆ మాట ఇటాలియన్‌లో 'కింద' అనే మాట నుంచి వచ్చింది, అంటే కింద వేసుకునేదని పేరులోనే ఉంది. యూరప్‌లో మామూలు ఫాదర్లది నలుపు, మన ఎండలకి తెలుపు. నా చిన్నప్పుడు మా ఫాదర్‌గారు అంగీ అంచు నడికట్టులో దోపుకుని కాలవగట్టు మీద సైకిలేసుకుని వచ్చేవారు, అయినా వానాకాలం మోకాళ్ల దాకా బురదే. నరసాపురం వైపు ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన బ్రదరన్ సంఘాల్లో ఈ గొడవే లేదు, అక్కడ వాక్యం చెప్పేవాళ్లకి ప్రత్యేకం డ్రెస్సుండదు.

రోమన్ కాసక్‌కి ముందు వైపు 33 బొత్తాలుండటం ఒక ఆనవాయితీ, యేసు బతికిన ఏళ్లకి గుర్తంటారు. బొత్తాం కూడా పాదిరి లాగే పోర్చుగీసు నుంచి వచ్చిన మాటే. మీరు సావనీర్‌లో గుండీలు అని రాసుకున్నా నేనేం అనను.