దుకాణం లాప్‌టాప్ తుడిచే ముందు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. స్టైపెండ్ డబ్బులతో చేతిలో పట్టుకుని ఆటలాడే హ్యాండ్‌హెల్డ్ కొన్నావట, దసరా సెలవులకు హన్మకొండ వచ్చి పిల్లలందరితో అభిమానులు తయారుచేసిన ఆర్‌పీజీ ఆటలు, అదే కథలో ఒక పాత్రగా ఆడేవి, ఆడిస్తావట. ఎవరో ఏళ్ల తరబడి కూర్చుని, ఊరికే పంచిపెట్టిన ఆటను విండోస్‌కు బదులు వాడే లైనక్స్ మీద నువ్వే కూడదీసి నడిపిస్తున్నావంటే నాకెంత గర్వంగా ఉందో. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అన్నది. నాన్న దుకాణం లాప్‌టాప్‌లో కూడా విండోస్ తీసేసి లైనక్స్ వేస్తానన్నావట. ఇక నాకు నిద్ర పట్టలేదు.

అందులో ఎరువుల ఖాతాలున్నాయి బిడ్డా. జూన్‌లో విత్తనాలు, యూరియా తీసుకుపోయి, పత్తి అమ్మినాక కడతామన్న రైతుల లెక్కలు. ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో నువ్వు చూశావా? మీ నాన్నకైతే తెలియదు, డెస్క్‌టాప్ మీద బొమ్మ నొక్కడమే తెలుసు.

సులువైనవి ముందే చెప్పేస్తా. ఇలాంటి ఆటలు తయారుచేసే ప్రోగ్రామ్ ఆర్‌పీజీ మేకర్. ఆట దాని 2000, 2003 రకాల్లో చేసిందైతే, లైనక్స్‌లో నడపడానికి ఈజీఆర్‌పీజీ ప్లేయర్ చాలు. ఆర్‌పీజీ మేకర్ ఎక్స్‌పీలో చేసిందైతే ఎంకేఎక్స్‌పీ-జెడ్ అనే ప్లేయర్. పోకెమాన్ అభిమానుల ఆటలు చాలా వరకు ఆ రకమే. స్క్రిప్టుల్లో విండోస్‌ను నేరుగా పిలిచే ముక్కలుంటే అది మొరాయిస్తుంది, అప్పుడు నీ లాప్‌టాప్‌లో వైన్‌తో, అంటే విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే దానితో, నడుపు. చిన్న హ్యాండ్‌హెల్డ్‌లలో ఎక్కువగా ఏఆర్ఎం అనే వేరే రకం ప్రాసెసర్లే కాబట్టి విండోస్ కోసం చేసిన ఈఎక్స్ఈ ఫైలు నేరుగా నడవదు, ఆట ఫోల్డర్ తీసుకుని ఏఆర్ఎం ప్లేయర్‌తో తెరవాలి. ఆర్‌పీజీ మేకర్ ఎంవీ ఆటలతో ఇంకో తంటా ఉంది. ఫైలు పేరులో పెద్ద అక్షరం ఉండి ఆట చిన్న అక్షరం అడిగితే విండోస్ సర్దుకుపోతుంది, లైనక్స్ సర్దుకోదు. పెన్‌డ్రైవ్‌లో నడిచిన ఆట డిస్కు మీదికి కాపీ చేయగానే బొమ్మ దొరకలేదంటూ ఆగిందంటే ముందు అదే చూడు. పరికరంతో వచ్చిన మెమరీ కార్డును నమ్మకు. మంచిది కొని, కార్డు చెప్పినంత నిజంగా పడుతుందో చూసే ఎఫ్3 ప్రోగ్రామ్‌తో నిండా రాయించి, చదివించి చూసుకో.

ఇక అసలు సంగతి. 2009లో మేం చౌరస్తా దగ్గర నెట్ సెంటర్ నడిపేవాళ్లం. నీకప్పుడు నాలుగేళ్లో ఐదేళ్లో. పెన్‌డ్రైవ్‌ల వైరస్‌తో విసిగిపోయి ఆరు సిస్టమ్‌ల మీదా ఉబుంటు అనే లైనక్స్ వేశా. అప్పట్లో అడిగితే సీడీ ఉచితంగా పోస్టులో పంపేవాళ్లు. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు రోజూ ట్యూషన్ అయ్యాక వచ్చి మూడో సిస్టమ్ దగ్గర కూర్చునేవాడు. గంటకు పదిహేను రూపాయలు, అన్నీ చిల్లర. దసరా నుంచి సంక్రాంతి దాకా ఒకే ఆట ఆడాడు. లెక్కల నోట్‌బుక్ వెనక పేజీల్లో గుహల దారులన్నీ పెన్సిల్‌తో గీసుకున్నాడు.

ఒక ఆదివారం వైన్‌లో సౌండ్ రావట్లేదని, కొత్తగా పెడితే సరిపోతుందని డాట్‌వైన్ ఫోల్డర్ మొత్తం తుడిచేశా. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి మామూలుగా కంటికి కనబడదు. వైన్‌కు సీ డ్రైవ్ అంటే అదే. ఆట అక్కడే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంది, ఆర్‌పీజీ మేకర్ 2003 ఆటలు సేవ్‌ను, అంటే ఎంతదాకా ఆడారో గుర్తుంచే ఫైలును, తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. సేవ్01.ఎల్ఎస్‌డి, చిన్న ఫైలు. ఆట మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, సౌండ్ వచ్చింది, సంతోషించా.

సోమవారం వాడొచ్చి కూర్చున్నాడు. టైటిల్ స్క్రీన్ మీద ‘కంటిన్యూ’ బూడిద రంగులో ఉంది. ఎంటర్ కొడితే బుర్రుమని శబ్దం. మళ్లీ కొట్టాడు. నాలుగుసార్లు విన్నా నేను. “అక్కా, కీబోర్డు ఖరాబైందా?” అన్నాడు. నోట మాట రాలేదు. సంగతి చెప్పాక వాడు ఏడవలేదు, నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకున్నాడు. డబ్బులొద్దన్నా వినకుండా చిల్లర బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. సెంటర్ మూసే రోజు దాకా ఆ మూడో కుర్చీలో ఎవరు కూర్చున్నా వాడే అనుకుని తలెత్తి చూసేదాన్ని.

అందుకే బతిమాలుతున్నా. ఏ ఆట పెట్టినా ముందు ఒకసారి సేవ్ చేసి, ఆ నిమిషంలో మారిన ఫైలు ఏదో వెతికి పట్టుకో. ఎక్స్‌పీ ఆటలదైతే పేరు చివర సాధారణంగా ఆర్‌ఎక్స్‌డేటా, ఎంవీదైతే ఆర్‌పీజీసేవ్. కొన్ని ఆట ఫోల్డర్‌లో ఉంటాయి, కొన్ని వైన్ లోపల యూజర్ ఫోల్డర్‌లో దాక్కుంటాయి. పిల్లలు ఆడిన ప్రతి రాత్రీ వాటిని పక్కకు కాపీ చెయ్యి. హ్యాండ్‌హెల్డ్ ఆపేటప్పుడు మెనూలోంచి ఆపాలి, కార్డు లాగేయకూడదు.

దుకాణం లాప్‌టాప్ జోలికి మాత్రం పోకు. తెలివి ఉంది కదా అని తొందరపడే వయసు నీది, కోప్పడుతున్నానని అనుకోకు. ఎలా ఉంటుందో చూడాలనుంటే లైవ్ యూఎస్‌బీ నుంచి, అంటే డిస్కు మీద వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే, నడుపు, ఇన్‌స్టాల్ బటన్ నొక్కకు. వేయక తప్పదంటే కొత్త ఎస్ఎస్‌డీ డిస్కు బిగించి, పాత డిస్కును కవర్లో చుట్టి బీరువాలో పెట్టు. డబ్బులు నేనిస్తా, మీ నాన్నను అడగొద్దు.

సద్దుల బతుకమ్మకు ఒకరోజు ముందే రా. మలీద ముద్దలు చేసి ఉంచుతా. వచ్చేటప్పుడు ఆ ఖాతాల ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకురా, ఇద్దరం నా సిస్టమ్‌లో తెరిచి రైతుల పేర్లన్నీ ఉన్నాయో లేదో చూద్దాం.

మీ అత్త