ఒకటి పంపితే రెండు నమోదవుతున్నాయా?

ప్రశ్న: సిగ్నల్ లేనప్పుడు చేసిన మార్పులన్నీ మా యాప్ ఫోన్‌లోనే క్యూలో దాచి, నెట్ రాగానే సర్వర్‌కి పంపుతుంది. అప్పుడప్పుడు ఒకే ఆర్డరు రెండుసార్లు నమోదవుతోంది. ఇంకొన్నిసార్లు క్యూ కదలకుండా ఉండిపోతోంది. తప్పు ఎక్కడుంది?

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిదే ముదిరినది. రిక్వెస్టు సర్వర్‌కి చేరింది, ఆర్డరు నమోదైంది, జవాబు తిరిగొచ్చే దారిలో కనెక్షన్ తెగింది. ఫోన్‌కి తెలిసేది టైమవుట్ (గడువులోగా జవాబు రాలేదని) ఒక్కటే కాబట్టి మళ్లీ పంపుతుంది. సర్వర్ దాన్ని కొత్త ఆర్డరే అనుకుంటుంది.

ప్రతి ఆపరేషన్‌కీ, అంటే క్యూలోని ప్రతి మార్పుకీ, ఒక యూయూఐడీ (మరోదానితో కలవని పొడవాటి గుర్తింపు సంఖ్య) ఇవ్వండి. ఆపరేషన్‌ని క్యూలో చేర్చేటప్పుడే దాన్ని పుట్టించి, క్యూ టేబుల్లో ఆ ఆపరేషన్ ఉన్న వరుసలోనే రాసిపెట్టాలి. పంపే ఫంక్షన్‌లో పుట్టిస్తే ప్రతి ప్రయత్నానికీ కొత్తది వస్తుంది, ఇక అది ఉన్నా లేనట్టే. సర్వర్ డేటాబేస్‌లో యూయూఐడీ కాలమ్‌కి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు చేరనివ్వని నిబంధన) పెట్టి, ఆర్డరు రాసే ట్రాన్సాక్షన్‌లోనే (అన్నీ జరిగితే జరిగినట్టు, లేకపోతే ఏదీ జరగనట్టు ఉండే రాత) దాన్నీ రాయాలి. అదే యూయూఐడీ మళ్లీ వస్తే పని మళ్లీ చేయకుండా, మొదటిసారి ఇచ్చిన జవాబునే ఇవ్వాలి. ‘ఇది ఇప్పటికే ఉంది’ అని ఎర్రర్ పంపితే ఫోన్ అది ఫెయిలైందనుకుంటుంది.

ఆ యూయూఐడీలను సర్వర్ ఎన్నాళ్లు దాచాలి? ఫోన్ ఎన్నాళ్లు ఆఫ్‌లైన్‌లో ఉండగలదో అంతకన్నా ఎక్కువే. 24 గంటలకే చెరిపేస్తే, 3 రోజుల తర్వాత నెట్ తగిలిన ఫోన్ మళ్లీ జంట ఆర్డర్లు పెడుతుంది.

ఫోన్‌లోని వరుసను జవాబు చేతికొచ్చాకే తీసేయాలి. యాప్ మధ్యలో ఆగిపోతే కొన్ని వరుసలు ‘పంపుతున్నాం’ స్థితిలోనే ఇరుక్కుంటాయి. యాప్ తెరుచుకోగానే వాటిని తిరిగి ‘పెండింగ్’ చేయండి. క్యూ కదలకపోవడానికి ఇదీ ఒక కారణం.

రెండో కారణం, ముందున్న ఆపరేషన్‌ని సర్వర్ 400 లేదా 422తో (పంపిన డేటా సరిగా లేదని చెప్పే జవాబు కోడ్‌లు) తిప్పికొడుతుంటే యాప్ దాన్నే పట్టుకుని వేలాడటం. అప్పుడు తప్పు డేటాలోనే ఉంది, వందసార్లు పంపినా అదే జవాబు. దాన్ని పక్క టేబుల్లోకి తీసి వాడేవారికి చూపించండి. ఆ రికార్డు మీది తర్వాతి మార్పులనూ దాంతోపాటే ఆపి, మిగతావి సాగనివ్వండి. 401 (లాగిన్ చెల్లలేదు) వస్తే క్యూ మొత్తం ఆపి, కొత్త టోకెన్ (లాగిన్ గుర్తు) తెచ్చుకుని అదే ఆపరేషన్‌తో మొదలుపెట్టాలి. ఆ 401ని ప్రయత్నాల లెక్కలో వేయకండి.

408 (గడువు దాటింది), 429 (మరీ ఎక్కువ రిక్వెస్టులు), 503 (సర్వర్ ప్రస్తుతం అందుబాటులో లేదు) మాత్రం కాసేపాగి మళ్లీ పంపదగ్గవి, చాలావరకు 500 (సర్వర్‌లోనే లోపం) కూడా. ఆగే సమయాన్ని 1, 2, 4, 8 సెకన్లు ఇలా రెట్టింపు చేసుకుంటూ పోయి, 60 సెకన్లకు మించి పెంచకండి. అందులో కొంత రాండమ్ కలపకపోతే, అప్పుడే పడిలేచిన సర్వర్ మీద ఫోన్లన్నీ ఒకే క్షణాన విరుచుకుపడతాయి. జవాబులో రిట్రై-ఆఫ్టర్ హెడర్ (ఎంతసేపాగి మళ్లీ పంపాలో సర్వర్ చెప్పేది) ఉంటే మాత్రం దాని మాటే చెల్లాలి.

ప్రశ్న: వేగం కోసం క్యూలో ఉన్నవన్నీ ఒకేసారి పంపేయొచ్చా?

జవాబు: వేర్వేరు రికార్డులవైతే పంపొచ్చు. ఒకే రికార్డువైతే వద్దు. ‘మార్చు’ అన్నది ‘సృష్టించు’ కన్నా ముందు చేరి 404 (అలాంటి రికార్డు లేదు) తెస్తుంది. రికార్డు ఐడీని కూడా ఫోన్‌లోనే పుట్టిస్తే, సర్వర్ ఇచ్చే నంబరు కోసం ఎదురుచూడకుండా తర్వాతి మార్పులను క్యూలో పెట్టుకోవచ్చు. 50 చొప్పున బ్యాచ్‌గా పంపితే రాకపోకలు తగ్గుతాయి. కానీ సర్వర్ ప్రతి ఆపరేషన్‌కీ విడిగా ఫలితం చెప్పాలి. మొత్తానికి కలిపి ఒక్క 200 (అంతా సరే) ఇస్తే, వాటిలో ఏది ఆగిపోయిందో ఫోన్‌కి తెలిసే దారే ఉండదు.