కుక్క ఎందుకు మొరిగింది?

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. తల్లీకూతుళ్ళ మాటలు బాగా కుదిరాయి. కానీ ఐదో పేజీలో నాకు కోపం వచ్చింది. ఆస్తి కాజేయడానికి వచ్చిన బాబాయిని చూసి కుక్క గుర్రుమంటుంది. నిజాయితీపరుడైన మేనమామ రాగానే తోక ఊపుతుంది. దాంతో ఎవరు ఎలాంటివారో ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది! నువ్వు చేయాల్సిన పని తీసుకెళ్ళి ఆ కుక్క నెత్తిన పెట్టావు.

కుక్కకు తెలిసేది మనిషి గుణం కాదు, ఒళ్ళు. నడక, గొంతు, చూపు, చేతులు ఎక్కడున్నాయన్నది, అన్నిటికన్నా ముందు వాసన. 2022లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో కొందరి చేత కష్టమైన లెక్కలు చేయించారు. అంతకుముందూ ఆ తర్వాతా వాళ్ళ చెమట, ఊపిరి సేకరించి నాలుగు కుక్కల ముందు పెట్టారు. నూటికి దాదాపు 94 సార్లు అవి ఆందోళన వాసనను పట్టేశాయి. ఇప్పుడు చెప్పు, నీ కథలో ఆందోళన ఎవరిది? పది కొంపలు ముంచిన బాబాయికి చెమట పట్టదు. తొణక్కుండా వచ్చి కూర్చుని చేయి చాపుతాడు. అక్క ముందు నోరు తెరిచి అప్పు అడగలేక నలిగిపోతున్న మేనమామకే అరచేతులు తడుస్తాయి. కుక్క గుర్రుమంటే ఆయన్ని చూసే అనాలి.

అవి మనుషులను అసలు బేరీజు వేయవని అనను. క్యోటో విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో ప్రచురించిన ప్రయోగంలో, యజమాని సాయం అడిగితే మొహం తిప్పుకున్న మనిషి చేతి తిండికి కుక్కలు వెనకాడాయి. అయితే సాయపడినవాణ్ణి ప్రత్యేకించి ఎంచుకోనూ లేదు. కళ్ళ ముందు జరిగింది చూశాయి, అంతే. బాబాయి మనసులోని దస్తావేజు వాటికి కనిపించదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా కథలు వరసగా తిరిగొస్తున్న రోజుల్లో వాటిని ఓపిగ్గా చదివి తప్పులు దిద్దిన పెద్దాయన ఒకరుండేవారు. కుంటుతూ, చేతికర్రతో వచ్చేవారు. మా కుక్కకు ఆయన్ని చూస్తే పడేది కాదు. మూడో వారం నుంచి మూడు నెలల వయసు దాకా కుక్కపిల్ల ఎలాంటి మనుషుల మధ్య తిరిగితే అలాంటివాళ్ళకే బాగా అలవాటుపడుతుంది. మాది ఆ వయసులో కర్ర పట్టిన మనిషిని చూడలేదు. చెవులు వెనక్కి వాల్చి, బరువంతా వెనక కాళ్ళ మీద వేసి మొరిగేది. అది భయమని అప్పట్లో నాకూ తెలియదు.

ఆ దృశ్యాన్నే కథగా రాశాను. మొరిగింది, అంతవరకే రాశాను. అచ్చులో చూస్తే చివర మరో వాక్యం ఉంది: ‘మూగజీవానికి తెలుసు, ఎవరి మనసు ఎలాంటిదో.’ నన్ను అడగకుండా సంపాదకుడు చేర్చినది. ఆ రోజుల్లో కథ చివర ఇలాంటి తీర్పు ఒకటి లేకపోతే పత్రికలకు తృప్తి ఉండేది కాదు, ఇప్పటికీ అంతే. ఆయన్ని నేను క్షమించలేదు.

పెద్దాయన ఆ కథ చదివారు. ఏమీ అనలేదు. మరుసటి వారం కర్రను గేటు బయటే వదిలి, గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చారు. వరండాలో నేల మీదే, కుక్కకు పక్కగా తిరిగి కూర్చున్నారు. దాని వంక చూడలేదు. చాలాసేపటికి అది వెనకనుంచి వచ్చి ముందు ఆయన మడమ, తర్వాత నేలకు ఆనించిన అరచేయి వాసన చూసింది. పెదవులు నాక్కుంది. అప్పుడు కూడా ఆయన చేయి కదపలేదు.

ఐదో పేజీ మళ్ళీ రాసి పంపు. మేనమామ గుమ్మంలో అడుగుపెట్టేటప్పుడు ఆయన చేతులు ఎక్కడున్నాయో రాయి. కుక్కకు ఒక పేరు కూడా పెట్టు.