కోడ్ రాయాలని లేదు, సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆఫీసు ఎందుకు మారిందో తెలుసుకోవాలని ఉంది: ఏం చదవాలి?

ప్రశ్న: నేను కామర్స్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న ఒక సంస్థలో అకౌంట్స్ విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నారు. మూడేళ్ల క్రితం వాళ్ల ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. పన్నెండు మంది ఉండే విభాగంలో ఇప్పుడు నలుగురే మిగిలారు. నాన్న ఉద్యోగం నిలిచింది కానీ ‘పని నాది కానట్టుగా ఉంది’ అంటుంటారు. ప్రోగ్రామింగ్ నేర్చుకోకపోతే నాకూ ఇదే గతి పడుతుందని ఆయన భయం. నాకేమో ప్రోగ్రామింగ్ మీద పెద్ద ఆసక్తి లేదు. ఆ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆఫీసులో మనుషులు ఎందుకలా మారిపోయారన్నది తెలుసుకోవాలని ఉంది. దీనికంటూ ఒక చదువు ఉందా? ఉద్యోగాలు ఉన్నాయా?

జవాబు: చదువూ ఉందమ్మా, ఉద్యోగాలూ ఉన్నాయి. వాటి సంగతికి తప్పకుండా వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట మాత్రం మీ నాన్నగారిది. ఇరవై ఏళ్లు ఒకే పని చేసిన మనిషి ‘ఇది నాది కానట్టుగా ఉంది’ అన్నారంటే దాన్ని నిట్టూర్పుగా తీసుకుని వదిలేయకూడదు. మీరు చదవాలనుకుంటున్న విషయమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

మీ కామర్స్‌కు దగ్గరగా ఉన్న ఒక ఉదంతంతో మొదలుపెడతాను. 1980ల తొలినాళ్లలో ఫోర్డ్ మోటార్ కంపెనీకి ఉత్తర అమెరికాలో, సరఫరాదారుల బిల్లులు చెల్లించే విభాగంలోనే 500 మందికి పైగా ఉండేవారు. కంప్యూటర్లు పెడితే ఓ 20 శాతం మందిని తగ్గించుకోవచ్చని యాజమాన్యం లెక్క వేసుకుంది. అంతలో జపాన్ కార్ల కంపెనీ మాజ్డాలో ఇదే పనిని ఐదుగురు చేస్తున్నారని తెలిసింది. మాజ్డా చిన్న కంపెనీ. ఆ తేడా పోనిచ్చినా ఫోర్డ్ విభాగం ఉండవలసిన దానికి ఐదింతలు ఉందని తేలింది. దాంతో ఈ పని ఇంకా త్వరగా ఎలా చేయాలని ఆలోచించడం మానేసి, అసలు ఈ పని ఎందుకు పుట్టిందని వెతకడం మొదలుపెట్టారు.

అక్కడ అంతమంది చేసే పని మీ పాఠాల్లో చదివిందే. పర్చేజ్ ఆర్డరు, సరుకు అందినట్టు రాసిన కాగితం, సరఫరాదారు పంపిన ఇన్వాయిస్. ఈ మూడింటిలోని 14 అంశాలు సరిపోలితేనే చెల్లింపు జరగాలి. సరిపోలని వాటి వెనక తిరగడానికే, అంటే ఫోన్లకూ ఉత్తరాలకూ వాకబుకూ, వాళ్ల సమయంలో ఎక్కువ భాగం పోయేది. కొత్త పద్ధతిలో ఇన్వాయిస్‌నే తీసేశారు. ఆర్డరు డేటాబేస్‌లో ఉంటుంది. సరుకు దించుకునే చోట ఉన్న ఉద్యోగి, వచ్చిన సరుకుకు ఆర్డరు ఉందో లేదో తెర మీద చూసుకుంటాడు. ఉంటే తీసుకుంటాడు, చెల్లింపు దానంతటదే జరుగుతుంది. లేకపోతే సరుకు వెనక్కి వెళ్తుంది. సరిచూడవలసిన అంశాలు మూడే మిగిలాయి: విడిభాగం నంబరు, కొలత ప్రమాణం, సరఫరాదారు కోడ్. విభాగంలో సిబ్బంది 75 శాతం తగ్గారు. మేనేజ్‌మెంట్ నిపుణుడు మైకేల్ హ్యామర్ 1990లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ కథ ప్రపంచమంతా పాకింది.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ 75 శాతం దగ్గర ఆగిపోతారు. మీరు ఇంకొంచెం ముందుకు వెళ్లి చూడండి. డబ్బు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం అకౌంట్స్ విభాగాన్ని వదిలి సరుకు దించే చోటికి వెళ్లిపోయింది. నిన్నటిదాకా కాగితం నింపి పైకి పంపిన మనిషి ఇప్పుడు కంపెనీ డబ్బును కదిలిస్తున్నాడు. అందుకు తగిన శిక్షణ అతనికి దొరికిందా? జీతం పెరిగిందా? పొరపాటు జరిగితే ఎవరు జవాబు చెప్పాలి? ఇటు అకౌంట్స్‌లో మిగిలినవారికి ఏం నిర్ణయించే అధికారం ఉంది? మీ నాన్నగారి మాటకు అర్థం ఇక్కడ దొరుకుతుందని నాకు అనిపిస్తోంది. ఆయన పని ఉంది, ఆ పనిలో ఆయన బుద్ధి వాడిన చోటు పోయి ఉంటుంది. ఏ ఆఫీసులోనైనా కొత్త వ్యవస్థ వచ్చిందంటే నేను మొదట వెతికేది ఇదే: ఏ నిర్ణయం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లింది?

ఈ మార్పు యంత్రం కొన్న రోజే జరిగిపోదు. ఎడిసన్ 1882లో న్యూయార్క్‌లో విద్యుత్ కేంద్రం నడపడం మొదలుపెట్టాడు. అమెరికా ఫ్యాక్టరీల ఉత్పాదకత విద్యుత్తు వల్ల గట్టిగా పెరిగింది మాత్రం 1920లలో. ఆవిరి యంత్రం ఉన్న రోజుల్లో ఒకే పెద్ద ఇంజను, దానికి పొడవాటి ఇరుసు, దాని నుంచి ప్రతి యంత్రానికీ బెల్టులు ఉండేవి. మొదట్లో యజమానులు ఆ ఇంజనును తీసి, అదే చోట పెద్ద విద్యుత్ మోటారు పెట్టారు. ఇరుసూ బెల్టులూ అలాగే ఉన్నాయి, లాభం కొద్దిగానే వచ్చింది. ప్రతి యంత్రానికీ సొంత మోటారు పెట్టి, పని సాగే వరుసను బట్టి యంత్రాలను అమర్చి, కొత్త కట్టడాలు కట్టాకే అసలు ఫలితం కనిపించింది. కంప్యూటర్లు ఇన్ని వచ్చినా ఉత్పాదకత ఎందుకు పెరగడం లేదని ఆర్థికవేత్తలు తలలు పట్టుకున్న కాలంలో, 1990లో, ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ ఈ పోలికను ముందుకు తెచ్చాడు. పాత కాగితాన్ని తెర మీద అదే రూపంలో పెట్టి ‘డిజిటల్ అయిపోయాం’ అనుకునే సంస్థలన్నీ ఇంకా పాత ఇరుసుకే మోటారు బిగించి కూర్చున్నాయి. ఆ ఇరుసు ఎక్కడుందో చూపించే మనుషులు వాటికి కావాలి. మీరు ఆ మనిషి కావచ్చు.

మరో సంగతి కూడా మీ నాన్నగారికి దగ్గరగా ఉంటుంది. షొషానా జుబాఫ్ అనే పరిశోధకురాలు 1980లలో కాగితపు గుజ్జు తయారుచేసే మిల్లుల్లో మార్పును దగ్గరుండి చూశారు. అంతకు ముందు కార్మికులు గుజ్జును చేత్తో తాకి, వాసన చూసి అది ఏ స్థితిలో ఉందో చెప్పేవారు. కంప్యూటర్లు వచ్చాక వాళ్లను కంట్రోల్ గదిలో తెరల ముందు కూర్చోబెట్టారు. చేతిలో ఉన్న విద్య అంకెల్లోకి వెళ్లిపోయింది. ఆమె గమనించినది ఏమిటంటే, యంత్రం పనిని చేసిపెట్టడమే కాదు, ఆ పని గురించి ఇంతకు ముందు ఎవరికీ కనిపించని సమాచారాన్ని కూడా పుట్టిస్తుంది. ఆ సమాచారం కార్మికుడికి అందితే అతను ఇంకా తెలివిగా పనిచేస్తాడు. పై అధికారికే అందితే కార్మికుడి మీద నిఘా అవుతుంది. రెండు చోట్లా సాఫ్ట్‌వేర్ ఒకటే కావచ్చు. ఎవరికి ఏ తెర కనిపించాలని నిర్ణయించినవారు తేడా తెస్తారు.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కొన్నాళ్లు సంస్థల్లో సాఫ్ట్‌వేర్ అమలు చేసే బృందంలో పనిచేశాను. ఒక గోదాములో కొత్త వ్యవస్థ నడవడం మొదలై నాలుగు నెలలైనా నిల్వల లెక్క కుదరలేదు. అందరూ అక్కడి గుమస్తాను తప్పుపట్టారు. వెళ్లి ఆయన పక్కన కూర్చుంటే విషయం తెలిసింది. వచ్చిన సరుకులో కొంత దెబ్బతింటే నమోదు చేసే వీలే తెర మీద లేదు. మొత్తం బాగుందని కొట్టాలి, లేదా మొత్తం వెనక్కి పంపాలి. ఆయన మొత్తం బాగుందని కొట్టి, దెబ్బతిన్న వాటిని సొరుగులోని నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. సంస్థకు నిజం చెబుతున్న వ్యవస్థ ఆ నోటుపుస్తకమే. కోడ్ రాసినవారికి ఆ గోదాము తెలియదు, గోదాములో ఉన్నాయనను ఎవరూ అడగలేదు. నాకు ఇప్పటికీ ఆ నోటుపుస్తకం కళ్ల ముందు ఉంటుంది.

సమాచార సంబంధాల గురించి కూడా ఆలోచించండి, ఎందుకంటే మనుషులు మారిపోయారని మీరన్నది దీని వల్లే కావచ్చు. ఒక బృందంలో ప్రతి ఒక్కరూ మిగతా అందరితో మాట్లాడాలంటే ఎన్ని జతలు అవుతాయో లెక్కించవచ్చు. సాఫ్ట్‌వేర్ పనుల గురించి ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ఈ లెక్కనే చూపించాడు. పన్నెండు మందికి 66 జతలు, నలుగురికి 6. మీ నాన్నగారి విభాగంలో 60 దారులు మూసుకుపోయాయి. వాటిలో కొన్ని అనవసరపు దారులే, నిజమే. కానీ కొత్తవాడు పాతవాడిని పక్కకు పిలిచి ‘ఇది ఇలా ఎందుకు వచ్చిందండీ’ అని అడిగే దారి కూడా అందులోనే ఉండేది. 1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు వేర్వేరు కంప్యూటర్ల మధ్య మొదటి ఈమెయిల్ పంపినప్పటి నుంచి మాట దూరాన్ని జయించింది. ఆ మాట రాతగా మారి శాశ్వతంగా నమోదవుతోంది కాబట్టి మనిషి తెలియనిది అడగడానికి వెనకాడుతున్నాడు. సందేశాలు పెరిగాక ప్రశ్నలు తగ్గిన ఆఫీసులను నేను చూశాను.

ఇక మీ దారి. పేర్లు చెబుతాను, వెతుక్కోవడానికి పనికొస్తాయి: బిజినెస్ అనలిస్ట్, సిస్టమ్స్ అనలిస్ట్, ఈఆర్‌పీ (సంస్థలోని పనులన్నిటినీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్) ఫంక్షనల్ కన్సల్టెంట్, ఛేంజ్ మేనేజ్‌మెంట్, యూఎక్స్ రీసర్చ్ (వాడేవారి అనుభవం మీద పరిశోధన), సమాచార వ్యవస్థల ఆడిట్. కామర్స్ చదివినవారికి ఈఆర్‌పీలో ఫైనాన్స్ మాడ్యూలు, ఆడిట్ అన్నిటికంటే దగ్గర దారులు. ఆడిట్ వైపు వెళ్తే కొన్నేళ్ల అనుభవం తర్వాత ఐసాకా (ISACA) సంస్థ సమాచార వ్యవస్థల ఆడిటర్లకు ఇచ్చే ‘సీసా’ (CISA) సర్టిఫికెట్‌కు విలువ ఉంది. డిగ్రీ తర్వాత పీజీలో మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఎంచుకోండి, అందులో సంస్థాగత ప్రవర్తన పాఠం ఉన్న కోర్సునే ఎంచుకోండి. అది లేని కోర్సు మీ ప్రశ్నకు జవాబు ఇవ్వదు.

మీ నాన్నగారి సలహాను తోసిపుచ్చవద్దు. ప్రోగ్రామింగ్ మీద ఆసక్తి లేదన్నారు. చేసి చూశాక కలిగిన అభిప్రాయమా, చూడకముందు ఉన్న భయమా? డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్ (SQL) మాత్రం తప్పనిసరిగా నేర్చుకోండి. సంస్థ జ్ఞాపకమంతా డేటాబేస్ పట్టికల్లో ఉంటుంది, దాన్ని నేరుగా అడగగలగాలి. స్ప్రెడ్‌షీట్ లోతుగా రావాలి. పైథాన్‌లో ఎవరో రాసిన చిన్న ప్రోగ్రాం చదివి అది ఏం చేస్తోందో చెప్పగలిగితే ఇప్పటికి చాలు.

కృత్రిమ మేధ ఈ ఉద్యోగాలను కూడా తీసేస్తుందా అని మీరు అడగలేదు కానీ మీ మనసులో ఉండే ఉంటుంది. మధ్యస్థాయి మేనేజర్లు తగ్గిపోతారని లీవిట్, విస్లర్ అనే ఇద్దరు 1958లోనే రాశారు, ‘ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ’ అన్న పేరును వాడుకలోకి తెచ్చిన వ్యాసంలోనే. సమావేశంలో మాట్లాడింది రాసిపెట్టడం, నివేదిక ముసాయిదా తయారుచేయడం లాంటి పనులు ఇప్పుడు యంత్రం చేస్తోంది. గుమస్తా పక్కన కూర్చుని, ఆయన నమ్మకం సంపాదించి, సొరుగులోని నోటుపుస్తకం బయటకు తీయించే పని మాత్రం మనిషిదే.

ఈ వృత్తిలో ఒక బరువు ఉందని ముందే చెప్పాలి. పని ఏ చేతి నుంచి ఏ చేతికి వెళ్తుందో మీరు గీసిన పటాన్ని చూసి ఎవరో కొందరి ఉద్యోగాలు తీసేయవచ్చు. పటం గీసేటప్పుడే ఆ మనుషులకు ఏం తెలుసో, ఆ తెలివి ఇంకెక్కడ అక్కరకొస్తుందో కూడా రాయండి. ఆ పేజీని ఎవరూ అడగరు, అయినా మీరు రాయాలి.

ఈ నెలలో ఒక పని చేయండి. రెండు సాయంత్రాలు మీ నాన్నగారితో కూర్చుని, పాత పద్ధతిలో ఒక బిల్లు వచ్చినప్పటి నుంచి చెల్లింపు దాకా ఏ చేతి నుంచి ఏ చేతికి వెళ్లేదో ఆయన చెబుతుంటే కాగితం మీద గీయండి. పక్కనే ఇప్పటి పద్ధతి గీయండి. ఆయన స్వయంగా ఆలోచించి తప్పు పట్టుకున్న ప్రతి చోటా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. సంస్థ పేరు, అంకెలు లేకుండా ఆ రెండు బొమ్మలూ నాకు పంపండి. ఎర్ర గుర్తులు రెండో బొమ్మలో ఎక్కడికి వెళ్లాయో చూసి తరువాతి మాట చెబుతాను.