యూరప్ బస్సు టూరులో మొదటి రోజు పెద్దవాళ్లు తట్టుకోగలరా?

మీ అమ్మానాన్నలు కడప నుంచి బయల్దేరి, జూన్‌లో పారిస్‌లో మొదలయ్యే యూరప్ బస్సు టూరుకు పోతున్నారని రాశారు. ఇద్దరికీ అరవై దాటాయి, నాన్నగారికి షుగరు ఉంది, దిగిన రోజే ఊరు చూపిస్తామని టూరువాళ్ల కాగితంలో ఉంది, తట్టుకోగలరా అని అడిగారు. తట్టుకోగలరండీ. నేనూ మా ఆవిడా అనంతపురం నుంచి ఇలాంటి టూరుకే పోయొచ్చాం, మాదీ ఆ వయసే. ఆ రోజు పారిస్ ఎంత చూశామన్నది పట్టించుకోవద్దని చెప్పి పంపండి. ఒళ్లు అక్కడి గడియారానికి అలవాటు పడితే, బస్సు పద్ధతి బోధపడితే మొదటి రోజుకు అదే చాలు.

అసలు కష్టం నిద్రది. మా ఊరివాళ్లకు బెంగళూరు విమానాశ్రయం అనుకూలం, ఆ విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి మా వైపే కాబట్టి హైవే మీద నేరుగా పోయి దిగొచ్చు. కడప నుంచైతే బెంగళూరుకైనా చెన్నైకైనా కారులో ఐదారు గంటలు. ఆపైన విమానాశ్రయంలో కాపు, మధ్యలో గల్ఫ్‌లో విమానం మారడం. పారిస్‌లో దిగాక ఇమిగ్రేషన్ క్యూ కూడా ఉంటుంది. 2025 అక్టోబరు నుంచి వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి పెట్టారు, దానికీ కాస్త సమయం పడుతుంది.

ఇంత అలసిపోయి దిగితే హోటల్ గది వెంటనే దొరకదు. గదులు మామూలుగా మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ఇస్తారు. అందుకే టూరువాళ్లు విమానాశ్రయం నుంచే నేరుగా ఊళ్లోకి తీసుకుపోతారు. పెట్టెలన్నీ బస్సు కింద డిక్కీలోకి పోతాయి, రాత్రి దాకా బయటికి రావు. మాత్రలు, స్వెటరు, కళ్లద్దాలు, ఒక జత బట్టలు చేతి సంచీలో ఉండాలి. పాస్‌పోర్టు, డబ్బు చొక్కా లోపల వేసుకునే పౌచ్‌లో ఉండాలి. ఈఫిల్ టవర్ చుట్టుపక్కల అట్ట చేతపట్టుకుని సంతకం పెట్టమని దగ్గరికొచ్చే మోసగాళ్లుంటారు, వాళ్లతో మాట కలపకుండా నడిచిపొమ్మనండి.

బస్సులో కూర్చుని షాంజెలిజే అనే పెద్ద వీధి, ఆర్క్ ద ట్రియాంఫ్ అనే విజయ తోరణం చూపిస్తారు, తర్వాత సీన్ నదిలో ఒక గంట పడవ. అక్కడ కునుకు ఆపుకోవడమే కష్టం. నది మీద చల్లటి గాలికి కళ్లు మూతలు పడతాయి. మా ఆవిడ రెండు బిళ్లల చూయింగ్ గమ్ నమలుతూ పడవ పైఅంతస్తులో నిలబడే ఉంది, నన్నూ కూర్చోనియ్యలేదు. ఆ సాయంత్రం పడుకున్నవాళ్లు అర్ధరాత్రి లేచి కూర్చుంటారు, మరుసటి రెండు రోజులూ బస్సులో తూగుతూనే ఉంటారు. జూన్‌లో పారిస్‌లో సూర్యుడు అస్తమించేది దాదాపు పదికి. చీకటి పడనీ అని ఎదురుచూడకుండా తొమ్మిదిన్నరకు కర్టెన్ లాగేసి పడుకోవాలి. ఈఫిల్ టవర్ దీపాలు గంటగంటకూ మిలమిల మెరిసేది చీకటి పడ్డాకే, కాబట్టి జూన్‌లో మొదటి రాత్రే అది చూడాలన్న ఆశ వదులుకోవడం మేలు.

ఇక టైము. మన దగ్గర తిరుపతికో శిరిడీకో బస్సు మాట్లాడుకుంటే డ్రైవరు రాత్రంతా నడుపుతాడు, మనం గంట ఆలస్యం చేసినా ఏదో సర్దుకుంటాడు. అక్కడ అది కుదరదు. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాలి. రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపకూడదు, వారంలో రెండు రోజులు మాత్రం పది దాకా పోవచ్చు. రాత్రి మామూలుగా 11 గంటల విశ్రాంతి ఇవ్వాలి. స్టీరింగ్ దగ్గరున్న టాకోగ్రాఫ్ అనే యంత్రంలో డ్రైవరు తన కార్డు పెడతాడు, ప్రతి నిమిషమూ అందులో నమోదవుతుంది. పోలీసులు ఆపి చూస్తే తప్పు అతని మీదికీ, బస్సు కంపెనీ మీదికీ వస్తుంది.

ఈ సంగతి మాకు తెలిసింది మొదటి రోజే. పడవ దిగాక రెండు కుటుంబాలు బొమ్మల అంగడి దగ్గర ఉండిపోయాయి. బస్సేమో అక్కడ ఎక్కువసేపు నిలపడానికి లేదు, చుట్టూ తిరిగి మళ్లీ రావాల్సి వచ్చింది. భోజనానికి ఆలస్యం, హోటల్‌కు ఆలస్యం. డ్రైవరు యంత్రంలోని అంకెల మీద వేలు పెట్టి టూరు మేనేజరుకు చూపించాడు. పదకొండు గంటల విశ్రాంతి నిండాలి కాబట్టి మరునాడు పొద్దున ఎనిమిదికి కదలాల్సిన బస్సు తొమ్మిదింటికి గానీ కదలదు అన్నాడు. ఆ గంట మరుసటి రోజు బ్రస్సెల్స్‌లో మాకు ఇచ్చే సమయంలోంచి కోశారు. చెప్పిన టైముకు ఐదు నిమిషాలు ముందే బస్సు దగ్గరుండమని అమ్మానాన్నలకు గట్టిగా చెప్పండి. బస్సు నంబరుప్లేటు, టూరు మేనేజరు నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. వాహనాలు కుడి వైపున పోతాయి కాబట్టి రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమ వైపు చూడాలి.

చిన్న విషయాలు కొన్ని. అక్కడ బాత్రూముల్లో కమోడ్ పక్కన నీళ్ల పైపు ఉండదు, షవరు దగ్గర తప్ప నీళ్లు పోయే దారీ ఉండదు. ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పెట్టండి. బస్సు ఆగిన చోటల్లా టాయిలెట్‌కు పోయి రావాలి, జర్మనీ హైవేల మీద దానికి ఒక యూరో తీసుకుంటారు. చెనక్కాయల పొడి, నిప్పట్లు హాయిగా తీసుకుపోవచ్చు. నెయ్యి, పెరుగు, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం అక్కడ నిషేధం.

నాన్నగారి షుగరు సంగతి నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోస్తోంది. పారిస్‌లో రాత్రి ఏడింటికి భోజనం పెడితే మన దగ్గర అప్పుడు పదిన్నర, ఎండాకాలంలో తేడా మూడున్నర గంటలు. ఇంటి టైము ప్రకారం మాత్ర వేసుకుని భోజనం కోసం కూర్చుంటే షుగరు పడిపోవచ్చు. ఏ పూట మాత్ర ఎప్పుడన్నది బయల్దేరే ముందే డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. మందుల చీటీ, బిస్కెట్లు, వాడితే ఇన్సులిన్ చేతి సంచీలోనే పెట్టండి. విమానం కిందికి పోయే పెట్టెలో ఇన్సులిన్ గడ్డకట్టే ప్రమాదముంది. డబ్బుకు ఇబ్బంది లేకపోతే టూరుకు ఒక రోజు ముందే పారిస్ చేరేలా టికెట్లు మార్చమని అడగండి. నాన్నగారి విషయంలో ఆ ఒక్క రాత్రి గది ఖర్చు పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.