తినరు, తినకూడదు, తినరాదు: గుర్రపు మాంసానికి తగిన మాట

సందేహం: మధ్య ఆసియాకు చెందిన కజక్ ప్రజల వంటలను గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. కజక్‌లు గుర్రపు మాంసాన్ని విందుల్లో వడ్డిస్తారనీ, యూదులు దాన్ని ముట్టరనీ, ఇంగ్లండులో ఏవగించుకుంటారనీ, ముస్లిముల్లో దీనిపై అభిప్రాయభేదం ఉందనీ అందులో ఉంది. తినని వారందరి విషయంలోనూ నేను 'గుర్రం మాంసం అభక్ష్యం' అని రాశాను. చదివిన మిత్రులొకరు 'తినరానిది' అంటే సరిపోతుందన్నారు. ఏది మేలు? 'గుర్రం మాంసం' అనాలా, 'గుర్రపు మాంసం' అనాలా?

సమాధానం: చివరి ప్రశ్న చిన్నది కనుక ముందు దాన్ని ముగిస్తాను. రాతలో 'గుర్రపు మాంసం' అనండి. పదం చివరి 'ము'కు 'పు', 'ంపు' అనేవి కర్మధారయంలో, అంటే విశేషణం నామవాచకంతో కలిసే సమాసంలో, వస్తాయని బడిలో చదువుకున్న సూత్రం గుర్తొచ్చి కొందరు ఇక్కడ జంకుతారు గాని, గుర్రపు బండి, గుర్రపు డెక్క, సముద్రపు ఒడ్డు వంటి మాటల్లో సంబంధార్థంలోనూ ఈ 'పు' ఏనాడో స్థిరపడింది. మాటల్లో 'గుర్రం మాంసం' అన్నవారిని తప్పుపట్టనక్కరలేదు.

అసలు చిక్కు మీ మొదటి ప్రశ్నలో ఉంది. మీ వ్యాసంలోని వారు తినకపోవడం ఒకటే గాని, అందుకు కారణం ఒకటి కాదు. మన ఇళ్లలోనే చూడండి. 'శనివారం ముక్క ముట్టం' అన్నప్పుడు అది ఇంటి ఆనవాయితీ; 'మాల వేసుకున్నాను, తినకూడదు' అన్నప్పుడు దీక్షా నియమం; 'ఆ వాసనకు తినలేను' అన్నప్పుడు అది ఆ మనిషి ఒంటి స్వభావం. ఈ మూడింటినీ ఎవరూ నేర్పకుండానే వేరువేరుగా వాడుకునే మనం అనువాదానికి కూర్చోగానే ఒక్క సంస్కృత పదంతో అన్నిటినీ కప్పేస్తాం.

యూదుల విషయంలో 'తినకూడదు' లేదా 'నిషిద్ధం' సరైన మాట. నేలమీది జంతువుల్లో డెక్క చీలి ఉండి, నెమరు కూడా వేసేదాన్నే తినాలని వారి ధర్మగ్రంథంలోని లేవీయకాండం పదకొండో అధ్యాయం నియమం పెట్టింది. గుర్రానికి ఆ రెండు లక్షణాలూ లేవు. ఇంగ్లండులో అలాంటి నియమం లేదు, చట్టమూ అడ్డు చెప్పదు. ఎనిమిదో శతాబ్దంలో పోప్ మూడవ గ్రెగరీ, జర్మన్ ప్రాంతాల్లో మత ప్రచారం చేస్తున్న బోనిఫేసుకు లేఖ రాస్తూ గుర్రాన్ని తినే అలవాటు మాన్పించమన్న మాట నిజమే. అయితే అదే చర్చి నీడన పెరిగిన ఫ్రాన్సులో 1866లో గుర్రపు మాంసం దుకాణాలకు చట్టబద్ధంగా అనుమతి వచ్చింది. కనుక నేటి ఆంగ్లేయుల ఏవగింపును ఆ లేఖతో ముడిపెట్టడం కష్టం. గుర్రాన్ని తోడుగా, పేరు పెట్టి పిలుచుకునే ప్రాణిగా చూడడమే దానికి దగ్గరి కారణమని నాకు తోస్తుంది. అక్కడ 'తినరు' చాలు. 2013లో గొడ్డు మాంసం పేరుతో అమ్ముతున్న వంటకాల్లో గుర్రపు మాంసం బయటపడి యూరప్‌లో పెద్ద గగ్గోలు పుట్టింది. అక్కడ నేరం ఒకదాని పేరు చెప్పి మరొకటి అమ్మడం. ఆ వార్తను 'నిషిద్ధ మాంసం అమ్మారు' అని రాస్తే అర్థమే మారిపోతుంది.

ముస్లిముల సంగతికి 'తినకూడదు' మరీ గట్టిది. గుర్రపు మాంసానికి అనుమతి ఉందని చెప్పే హదీసు, అంటే ప్రవక్త మాటలను, చేతలను తెలిపే ఉల్లేఖనం, ఉంది. షాఫియీ, హన్బలీ ధర్మశాస్త్ర సంప్రదాయాలు దాన్ని బట్టి తినవచ్చంటాయి. ఇమామ్ అబూ హనీఫా మాత్రం దాన్ని మక్రూహ్‌గా భావించారు. పూర్తిగా నిషేధించిన హరామ్ వేరు, అయిష్టంగా ఎంచే మక్రూహ్ వేరు. తెలుగు ముస్లిములకు పరిచితమైన ఆ మాటనే ఉంచి, పక్కన 'మానుకోవడం మేలు' అని రాయండి.

ఇక మీ మిత్రుల 'తినరానిది'. ఇందులోని 'రాని'కి నిషేధార్థం ఉన్నా, పట్టరాని సంతోషం, భరించరాని బాధ, కానరాని తీరం అన్నప్పుడు వినిపించే అసాధ్యతా ఛాయ కూడా దాన్ని వెంటాడుతూనే ఉంటుంది. 'తినరాని మాంసం' అనగానే కుళ్లినదో, నోట పెట్టలేనిదో అనుకునే పాఠకుడిని నేను తప్పుపట్టను. 'తినరాదు' అన్న క్రియలో ఆ ప్రమాదం తక్కువ.

'అభక్ష్యం' ధర్మశాస్త్రాల పదం. మనుస్మృతి అయిదో అధ్యాయం, ప్రత్యేకించి చెప్పనివైన ఏకశఫాలను, అంటే ఒంటి డెక్క జంతువులను, విడిచిపెట్టమంటుంది. గుర్రం ఆ జాతిదే. ఈ పదం వెనుక ఒక శాస్త్రచర్చే ఉంది. 'పంచ పంచనఖా భక్ష్యాః' అన్న వాక్యాన్ని పతంజలి తన వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో ఉదాహరించాడు. అయిదు గోళ్ల జంతువుల్లో అయిదింటిని తినవచ్చు అంటే, వాటిని తిని తీరమని ఆజ్ఞ కాదు. తక్కినవి తినకూడదని దాని తాత్పర్యం. రామాయణంలో బాణం దెబ్బ తిని పడిపోయిన వాలి రాముణ్ణి నిలదీసేటప్పుడు ఎత్తిచూపేది ఈ నియమాన్నే: తినదగిన అయిదింటిలో కోతి లేదు కదా, మరి నన్నెందుకు చంపావని. ఇంత బరువున్న పదాన్ని ఆంగ్లేయుల అయిష్టానికి వాడితే వారికి లేని స్మృతిని అంటగట్టినట్లవుతుంది. పైగా దీనికి ఎదురుమాట కజక్‌ల విషయంలో మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది. 'గుర్రపు మాంసం వారికి భక్ష్యం' అని రాస్తే, పండుగ పూట భక్ష్యాలు (బొబ్బట్లు) చేసుకునే రాయలసీమ, తెలంగాణ పాఠకులకు నవ్వు వస్తుంది!

మీ వాక్యాన్ని ఇలా విడదీయవచ్చు: 'కజక్‌లకు గుర్రపు మాంసం విందు భోజనం. యూదులకు అది మత నియమం ప్రకారం నిషిద్ధం. ముస్లిముల్లో కొందరు మక్రూహ్ అని మానుకుంటారు. ఆంగ్లేయులు మనసొప్పక తినరు.' ఆ చివరి వాక్యంలో 'మనసొప్పక' బదులు 'అలవాటు లేక' అన్నా నాకు అభ్యంతరం లేదు గాని, మీ మూలంలో ఏవగింపు ఉందన్నారు కనుక మొదటిదే నయం.