యెరెవాన్‌లో ఏం తినాలి, ఎవరితో తినాలి

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. యెరెవాన్ వచ్చి మూడు వారాలైంది, మెడిసిన్ మొదటి సంవత్సరం, ఇంట్లో మాంసం ముట్టరు, ఇక్కడేమో ఏ సందు తిరిగినా నిప్పుల మీద పంది మాంసం వాసనే, గదిలో కూర్చొని కందిపొడి అన్నంతో నెట్టుకొస్తున్నాను, అర్మేనియా పాతకాలం వంటల్లో మనం తినగలిగేవి ఏమైనా ఉన్నాయా అక్కా అని అడిగావు. ఉన్నాయి, బోలెడున్నాయి. నువ్వు మాంసం గురించి అడిగావు గానీ, నాకు దిగులు పుట్టించింది మధ్యలో ఉన్న 'గదిలో కూర్చొని' అన్న ముక్క. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను, ఏమనుకోకు.

రెసిడెన్సీ కార్డు, ఇన్సూరెన్స్, ఇంటి నుంచి ఏ తిండి తెప్పించుకోవచ్చు లాంటివి ఇక్కడ రాయను. రూల్స్ మారుతుంటాయి, అధికారిక సైట్లలో చూసుకో, మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల పనులు చూసేవాళ్లను అడుగు.

నేను 2012 అక్టోబరులో వచ్చాను. మా ఆయనకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాకు ఉద్యోగం లేదు, భాష రాదు. జగిత్యాల నుంచి రెండు సూట్‌కేసుల్లో పచ్చళ్లు, పొడులు, చింతపండు, మూడు కిలోల కందిపప్పు మోసుకొచ్చాను. ఇప్పుడు నీకు ఊళ్లోనే మన సరుకుల దుకాణాలున్నాయి, ఫోన్ నొక్కితే బిర్యానీ గుమ్మం దగ్గరికి వస్తుంది, నీతోపాటు చదివేవాళ్లలోనే తెలుగువాళ్లు ఎంతమందో. నాకవేవీ లేవు, అయినా నెగ్గుకొచ్చాను. ఆయన పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి వచ్చేవారు. మధ్యాహ్నం పొయ్యి దగ్గరే నిలబడి, గిన్నెలోంచే తినేసేదాన్ని. దాదాపు మూడు నెలలు అలాగే తిన్నాను. అన్నం సయించకపోవడానికి కారణం ఇక్కడి నీళ్లు, ఇక్కడి బియ్యం అనుకున్నాను గానీ, ఎదురుగా మనిషి లేకపోవడమని తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది.

ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఇక్కడ నానమ్మనీ అమ్మమ్మనీ తాతిక్ అంటారు. మనకు తాతలా వినిపిస్తుంది గానీ నానమ్మే. నా తప్పులన్నీ ఆవిడ కళ్ల ముందే జరిగాయి.

మొదటిది లవాష్. మొదటి వారంలోనే ఆవిడ నాకొక కట్ట ఇచ్చింది, దుప్పటిలా పల్చగా, పొడుగ్గా ఉండే రొట్టె. రెండు రోజుల్లో అది అప్పడంలా ఎండి పెళుసెక్కింది. పాడైపోయిందని చెత్త సంచిలో వేసి మెట్లు దిగుతుంటే ఆవిడ ఎదురొచ్చింది. సంచిలోంచి కనిపిస్తున్న రొట్టె చూసి ఏమీ అనలేదు, దాన్ని బయటికి తీసి, నన్ను చెయ్యి పట్టుకొని తన వంటింట్లోకి తీసుకెళ్లి, నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టింది. కాసేపటికి అది మళ్లీ మెత్తబడింది. పల్లెల్లో శీతాకాలానికి ముందే ఇలా కాల్చి, ఎండబెట్టి, దొంతరలు పేర్చి నెలల తరబడి వాడుకునేవాళ్లట, తడిపితే చాలట. అన్నం పారేస్తే అమ్మ ఎలా చూసేదో ఆవిడ అలాగే చూసింది. ఆ తర్వాత సిగ్గుతో మళ్లీ ఆవిడ తలుపు తట్టలేకపోయాను. అదే నేను చేసిన పెద్ద పొరపాటు, రొట్టె పారేయడం కంటే పెద్దది.

రెండోది కొత్త సంవత్సరం. డిసెంబరు 31 రాత్రికి రమ్మని పిలిచింది. వాళ్ల బల్ల మీద పంది కాలు ఉంటుందని ఎవరో చెప్పారు, నాకు భయం వేసింది. మేం అసలు మాంసమే తినం అని చెప్పేశాను. నిజానికి మేం కోడి తింటాం, వెళ్లకుండా తప్పించుకోవడానికి చెప్పిన మాట అది. ఆవిడ తలూపింది. ఆ రాత్రి మేమిద్దరం కిటికీలోంచి టపాకాయలు చూస్తూ పప్పన్నం తిన్నాం. ఇక్కడ ఆ పండగ ఒక్క రాత్రితో అయిపోదు, జనవరి 6న వాళ్ల క్రిస్మస్, అప్పటిదాకా ఒకరింటికి ఒకరు వెళ్తూనే ఉంటారు, బల్ల మీద తిండి అలాగే ఉంటుంది. మూడో తారీఖున ఆవిడే మా తలుపు కొట్టింది. చేతిలో ఒక గిన్నె. లోపల క్యాబేజీ ఆకుల్లో చుట్టిన చిన్న చిన్న పొట్లాలు, చల్లగా, నూనెతో మెరుస్తూ. శనగలు, రాజ్మా, మసూర్, గోధుమ నూక ఇలా ఏడు రకాల గింజలు వేస్తారట. పసుత్స్ తోల్మా అంటారు. పసుత్స్ అంటే ఉపవాస కాలానిది, మాంసం, పాలు, గుడ్డు ఏదీ ఉండదు. మేం తినలేం అన్నాం కదా అని ఇంకో రెండు వరసలు ఎక్కువ చుట్టి, మూడు రోజులు మా కోసం చూసిందట. గుమ్మంలో నిలబడే ఒకటి తిన్నాను, ఏడుపొచ్చింది. ఆవిడ 'అనూష్ లీనీ' అంది. తిన్నది తియ్యగా ఉండాలని దీవెన. ఎవరు తింటున్నా ఇక్కడ అంటారు, నేర్చుకో.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఆవిడ వంటింట్లోనే తిన్నాను. అర్మేనియా వంట గురించి నాకు తెలిసిందంతా ఆ బల్ల దగ్గర తెలిసిందే.

ఆవిడ చిన్నప్పుడు కొండ పల్లెలో ఇంటి నేలలోనే తోనిర్ ఉండేది. నేలలోకి పాతిన మట్టి పొయ్యి, మన తందూరు లాంటిది. దాని గోడకే లవాష్ అంటించి కాల్చేవాళ్లు. కాల్చడం ఒక్కరితో అయ్యే పని కాదు, ఒకరు పిండి ముద్దలు చేస్తారు, ఒకరు ఒత్తుతారు, ఇంకొకరు దిండు మీద సాగదీసి పొయ్యి గోడకు కొడతారు, కాలాక ఒకరు తీస్తారు. అందుకే ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒకచోట చేరేవాళ్లు. 2014లో యునెస్కో లవాష్‌ను తన వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు టీవీ చూస్తూ ఆవిడ, రొట్టె పేరు చెప్పారు గానీ చుట్టూ కూర్చున్న నలుగురి సంగతి చెప్పలేదంది. నిజానికి ఆ జాబితాలో చేసే పద్ధతికీ చోటుంది, కానీ ఆవిడ బాధ నాకు అర్థమైంది. ఇప్పుడు సూపర్ మార్కెట్లలో దొరికేది చాలావరకు మెషిన్ లవాష్. పల్చగానే ఉంటుంది, కాలిన మచ్చలుండవు, ఆ వాసనా ఉండదు.

ఆవిడ పెళ్లై యెరెవాన్ వచ్చేసరికి సోవియట్ కాలం. ఐదో అంతస్తులో ఇల్లు, గ్యాస్ పొయ్యి. అపార్ట్‌మెంట్‌లో తోనిర్ ఎక్కడ తవ్వుతారు? ఫ్యాక్టరీ క్యాంటీన్లలో బోర్ష్ అనే బీట్‌రూట్ సూప్, పెల్మెనీ అనే మాంసం కుడుములు, మయొనీజ్ కలిపిన ఒలివియే సలాడ్ అలవాటయ్యాయి. ఇవాళ కొత్త సంవత్సరం బల్ల మీద తోల్మా పక్కనే ఒలివియే సలాడ్ లేకపోతే పండగే కాదనుకుంటారు. తర్వాత సోవియట్ యూనియన్ కూలి, తొంభైల మొదట్లో చీకటి శీతాకాలాలు వచ్చాయి. కరెంటు లేదు, గ్యాస్ లేదు, రొట్టెకు రేషన్. ఒక ఇంట్లో కట్టెల పొయ్యి రాజేస్తే మెట్ల వరుస మొత్తం అక్కడికే చేరేదట. ఆకలి మర్చిపోయాను గానీ ఆ పొయ్యి చుట్టూ ఉన్న మొహాలు మర్చిపోలేదు అనేది.

నేను వచ్చాక కూడా తిండి మారుతూనే ఉంది. సిరియా యుద్ధంతో అలెప్పో నుంచి అర్మేనియన్ కుటుంబాలు వచ్చాయి, వాళ్ల చేతి కారం వల్ల ఇక్కడి రుచి కాస్త మనవైపు జరిగిందని నాకనిపిస్తుంది. మన నాలుకకు నప్పేది వాళ్ల ఎర్ర మిరప, అక్రోట్ ముద్ద, మొహమ్మరా అంటారు, మాంసం ఉండదు. 2023 సెప్టెంబరులో ఆర్త్సాఖ్ నుంచి, అంటే వార్తల్లో నగోర్నో కరాబఖ్ అనే అర్మేనియన్ల ప్రాంతం నుంచి, లక్ష మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలి ఇక్కడికొచ్చారు. ఝింగ్యాలోవ్ హాత్స్ వాళ్ల రొట్టె, పల్చటి పిండి లోపల పది, పదిహేను రకాల ఆకుకూరలు సన్నగా తరిగి పెట్టి కాలుస్తారు. ఇప్పుడు నగరంలో చాలాచోట్ల దొరుకుతుంది, నీకు అంతకన్నా మంచి మధ్యాహ్న భోజనం లేదు. కొనేటప్పుడు ఆ చేసే ఆడవాళ్లతో రెండు మాటలు మాట్లాడు. వాళ్లూ ఊరు వదిలి వచ్చినవాళ్లే, మనకన్నా ఎంతో కష్టం మీద వచ్చారు, మనకు వెనక్కి వెళ్లడానికి ఇల్లుంది.

నువ్వడిగిన అసలు సంగతికి వస్తాను. తాన్ అంటే ఉప్పేసిన మజ్జిగ, మాత్సున్ అంటే పెరుగు, ఆ రెండూ ఉన్నంతవరకు మనకు లోటు లేదు. స్పాస్ అచ్చం మజ్జిగ పులుసు, గోధుమలు వేసి వేడిగా ఇస్తారు. మనం విరగకుండా శనగపిండి కలిపినట్టు వీళ్లు పిండి, గుడ్డు కలుపుతారు, గుడ్డు తినకపోతే ముందే అడుగు. వొస్ప్ అంటే మసూర్ పప్పు, దాని సూప్ వొస్పాపూర్. నిప్పుల మీద కాల్చిన వంకాయ, టమాటా, మిరపకాయ దొరుకుతాయి, ఇంటికి తెచ్చి నలిపి వెల్లుల్లి, ఉప్పు కలిపితే మన కాల్చిన వంకాయ పచ్చడే. కాకపోతే మాంసం కాల్చిన నిప్పుల మీదే కాలుస్తారు, అది నీ పట్టింపును బట్టి. 'అరాంత్స్ మ్‌సి' అంటే మాంసం లేకుండా అని. ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలంలో పసుత్స్ అని అడుగు, హాయిగా తినొచ్చు. ప్రతి బల్ల మీదా పచ్చి ఆకుల పళ్లెం ఉంటుంది, అందులో ఊదారంగు రెహాన్ ఆకు వాసన చూడు, మన తులసికి చుట్టం.

చుట్టం అంటే గుర్తొచ్చింది, అవెలుక్. మార్కెట్లో ఆడపిల్ల జడలా అల్లి ఎండబెట్టిన ఆకు వేలాడుతుంటుంది. మొదటిసారి కొన్నప్పుడు ఎవరినీ అడక్కుండా నేరుగా పప్పులో వేశాను, చేదు విషం, కుండంతా పోయింది. తాతిక్ చూపించాక తెలిసింది, ముందు ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి, తర్వాత ఉల్లిపాయ, అక్రోట్, వెల్లుల్లితో వేయించి పెరుగుతో తినాలి. అది మన చుక్కకూర జాతి మొక్కే. గోంగూర కోసం బెంగపెట్టుకున్న రోజుల్లో నన్ను నిలబెట్టింది ఆ జడ. మెంతులకూ ఢోకా లేదు, చమన్ పేరుతో పొడి అమ్ముతారు, ఎండు మాంసానికి పట్టించడానికి వాడతారు.

మాంసం తినే మీ స్నేహితులకు ఒక్క మాట, హరిసా తినమను. గోధుమలు, కోడి లేదా గొర్రె మాంసం రాత్రంతా ఉడికించి చేస్తారు, హైదరాబాద్ హలీంకు అక్కలాంటిది, మసాలా మాత్రం ఉండదు. విమానాశ్రయం దగ్గర ముసలేర్ అనే ఊళ్లో ఏటా సెప్టెంబరులో, 1915లో ఒట్టోమన్ సైన్యాన్ని ఎదిరించి అర్మేనియన్లు చేసిన పోరాటాన్ని తలుచుకుంటూ పెద్ద పెద్ద కళాయిల్లో రాత్రంతా వండి, పొద్దున వచ్చినవాళ్లందరికీ పెడతారు. నువ్వు తినకపోయినా వెళ్లు, ఆ డోలు చప్పుడులో నిలబడు. మా తాతిక్‌కు హైదరాబాద్ ఉప్పుగూడలో పాతకాలం అర్మేనియన్ల సమాధులున్నాయని చెప్పినప్పుడు, అంత దూరంలో వాళ్లకు ఎవరు వండిపెట్టారో అని చాలాసేపు బాధపడింది.

నాలుగేళ్ల కిందట ఆవిడ పోయింది. ఎదురింట్లో ఇప్పుడు ఒక కుర్ర జంట ఉంది, రోజూ యాప్‌లో తెప్పించుకుంటారు, గుమ్మం ముందు రెండు అట్టపెట్టెలు కనిపిస్తాయి. శుక్రవారం శుక్రవారం నేనే ఏదో ఒకటి గిన్నెలో పోసి ఇస్తున్నాను, మొన్న ఆ అమ్మాయి గిన్నె తిరిగిస్తూ వాళ్లమ్మ చేసిన గాతా అనే తీపి రొట్టె రెండు ముక్కలు పెట్టింది.

అమ్మ అరిసెలు పంపిందని రాశావు. ఇవాళ సాయంత్రం నాలుగు పళ్లెంలో పెట్టుకొని మీ పక్కింటి తలుపు కొట్టు, భాష రాకపోతే 'బారెవ్', అంటే నమస్తే, అని పళ్లెం చాపు, లోపలికి రమ్మంటే చదువుకోవాలని చెప్పి వచ్చేయకు, కూర్చో, కాఫీ పెడతారు. శనివారం పదింటికి నేను గుమ్ మార్కెట్‌కు వెళ్తాను, నువ్వూ రా, అవెలుక్ జడ ఎలా చూసి కొనాలో చూపిస్తాను, తర్వాత మా ఇంట్లోనే భోజనం.